కురచ చేతుల మనిషికి విల్లు

వాదీకా, ఎగువ ఊరు
పక్షులు కూసే నెల, ఆరో రోజు

అకాయ్ మామయ్యకు,

నువ్వూ అత్తయ్యా బాగున్నారని ఉప్పు తెచ్చే మనిషి చెప్పాడు. నీ దగ్గు సంగతి కూడా చెప్పాడు. పొగాకు తగ్గించమంటే వినే రకం కాదు నువ్వు, అందుకని ఆ మాట వదిలేసి పనిలోకి వస్తున్నాను.

నాకో అడ్డవిల్లు కావాలి. పండక్కి పట్టుకు తిరిగేది కాదు, వేటకు పనికొచ్చేది. బాణం వేస్తే అడవిపంది పక్కటెముకల మధ్య దిగాలి.

మా ఆయన అదెంగ్ పోయి ఏడాది దాటింది. అతని విల్లు నారి కోసి సమాధి మీద తగిలించాం. అప్పటినుంచి మా గోడకు ఉత్త మేకు మిగిలింది. అతని అన్న, మా బావగారు అపు, ఎప్పుడొచ్చినా ఆ మేకు వంకే చూస్తాడు. మొన్న మా పొయ్యి దగ్గర కూర్చుని, నేను పోసిన సారా తాగుతూ అన్నాడు: "గోడ మీద విల్లు లేకపోతే ఊరు దాన్ని ఇల్లు కింద లెక్కెయ్యదమ్మా. వేట నెల అయ్యేదాకా చూస్తా. అప్పటికీ విల్లు పట్టే మనిషి లేకపోతే నువ్వూ నీ పొలమూ నా చూరు కిందికి రండి. నీకు వేరే పొయ్యి పెట్టిస్తాలే." వేరే పొయ్యి పెట్టేది రెండో పెళ్ళానికని వాళ్ళావిడకు తెలుసు. పక్కనే మొక్కజొన్నలు ఒలుస్తోంది, తలెత్తలేదు.

పందులు సగం చేను మేసేశాయి. వేటలో మనిషి లేని ఇల్లు కనుక మాంసం పంచేటప్పుడు నాకు చూపు వాటా ఇస్తున్నారు. దారిన పోతూ ఆగి చూసినవాడికి ఇచ్చేంత. పొలం పోతే పోయిందనుకుందామన్నా, ఆ మనిషి పొయ్యి ఊదుతూ నేను బతకలేను మామయ్యా.

సంతలో రెండు విళ్ళు చూశాను. ఒకటి నునుపుగా ఉంది గాని మీట నొక్కితే బాణం పక్కకు లాగింది. రెండోదాని నారి కదలనే లేదు. ఏది మంచిదో ఎంచుకోవడం నాకు తెలియదు. మా ఇంట్లో విల్లు పట్టే మనిషికి సరిపోయేది చేసి పంపు.

నీ మేనకోడలు,
అనీ


లిమాకో, ఏటి అవతల
కొండలు తగలబెట్టే నెల, రెండో రోజు

ఒసేవ్ అనీ,

సంతలో విల్లు ముట్టుకున్నావా? అమ్మేవాడు నిన్ను కేకలెయ్యలేదంటే వాడికి వ్యాపారం తెలియదన్నమాట. ఆడది తాకిన విల్లుకు గురి తప్పుతుంది, ఆడది దాటిన విల్లు విరుగుతుంది. విల్లుకు నారి తప్ప ఇంకో ఆడది తగలకూడదని మా నాన్న అనేవాడు. ముప్పై ఏళ్ళుగా నేనూ అదే మాట పట్టుకుని చేస్తున్నాను. మీ అత్తయ్య కూడా నా పని చావడి గడప బయటే నిలబడి అన్నానికి పిలుస్తుంది.

ఆ అపుగాణ్ణి నేనొచ్చి నాలుగు తగిలించేవాణ్ణి. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఇక విల్లు సంగతి. సంతలో విల్లు కొనేవాడు చెప్పులు కొన్నట్టు కొంటాడు. ముందు మనిషి కొలత ఉండాలి, అది లేకుండా నేను మల్బరీ చెక్క మీద కత్తి పెట్టను. ఒక జనపతాడు తీసుకో. అతన్ని నిటారుగా నిలబెట్టి, ముక్కు కొస నుంచి చాచిన చెయ్యి నడిమివేలి కొస దాకా కొలిచి ముడి వెయ్యి. దానికి ఒక జాన కలిపి విల్లు కొమ్మ కోస్తాను. చంక నుంచి మణికట్టు దాకా కొలిచి ఇంకో ముడి వెయ్యి. అది పీటకు, అంటే కొమ్మను అడ్డంగా బిగించి పైన బాణం పెట్టే చెక్కకు. తాడు టపా మనిషికివ్వు.

ఇంతకీ ఆ మనిషెవరు? 'విల్లు పట్టే మనిషి' అని రాశావు, పేరు రాయలేదు. అత్తయ్య ఆ ముక్క మూడుసార్లు చదివించుకుని ముసిముసిగా నవ్వుతోంది.

విల్లు చేసే అకాయ్


వాదీకా
ఆకలి నెల, నాలుగో రోజు

మామయ్యకు,

తాడు పంపుతున్నాను. పెద్ద ముడి కొమ్మకు, చిన్న ముడి పీటకు. రెండుసార్లు కొలిచాను.

పేరు తర్వాత చెబుతాను. అత్తయ్యను నవ్వొద్దని చెప్పు, నవ్వే సంగతి కాదు.

నిన్న మళ్ళీ పందులొచ్చాయి. గిన్నె మోగిస్తూ చేను చుట్టూ తిరిగితే ఇంకో మూలనుంచి దూరాయి. పొద్దున అపు వచ్చి చూసి, "అయ్యో, మగదిక్కు లేకపాయె" అని నాలుక చప్పరించి, మిగిలిన కంకుల్లో లేతవి ఏరుకుని కాల్చుకు తిన్నాడు. త్వరగా చెయ్యి మామయ్యా.

అనీ


లిమాకో
ఆకలి నెల, పందొమ్మిదో రోజు

అనీ,

నీకు చదువు చెప్పించిన మా అక్కను అనాలి. తాడు వానలో తడిపి పంపావు. జనపతాడు తడిస్తే బిగుసుకుని కురచవుతుందని నీకు తెలియదూ? నీ తాడు మూడు జానల నాలుగు వేళ్ళుంది! పొయ్యి మీద ఆరబెట్టాను, ఒక కొస కాలితో తొక్కి సాగదీశాను, మా దూలానికి రాయి కట్టి రెండు రోజులు వేలాడదీశాను. అయినా మూడు జానల నాలుగు వేళ్ళే. మగాడి చెయ్యి నాలుగు జానలకు తగ్గదు. మళ్ళీ కొలిచి, ఈసారి వెదురు గొట్టంలో పెట్టి పంపు.

ఇంకో సంగతి అడగడం మరిచాను. నారి ఎక్కించాలంటే పీట కడుపుకు ఆనించి రెండు చేతులా లాగాలి. అతని సత్తువ తెలియకుండా కొమ్మ ఎంత మందం ఉంచను? మందమైతే లాగలేడు, పలచనైతే బాణం పంది తోలు మీద గీత గీసి ఊరుకుంటుంది. మామూలుగా ఎంత బరువు మోస్తాడు, ఎంత దూరం మోస్తాడు, ఇవి రాయి. పేరు కూడా రాయి.

అకాయ్


వాదీకా
ఏరుకునే నెల, మూడో రోజు

మామయ్యకు,

వెదురు గొట్టంలో పొడి తాడు పంపాను. మూడు జానల నాలుగు వేళ్ళే ఉంటుంది. మొదటి తాడూ తడవలేదు. కొలత అంతే. లేని చెయ్యి నేనెక్కడి నుంచి తెచ్చేది?

బరువంటావా, రెండు గంపల మొక్కజొన్నలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నుదుటి పట్టీ వేసుకుని, ఏటి ఒడ్డునుంచి మా ఇంటిదాకా. మధ్యలో రెండు చోట్ల ఆగడం, అంతే. ఆ దారి నీకు తెలుసు, నువ్వు ఉత్త చేతులతో వచ్చి ఐదుసార్లు కూర్చున్నావు.

మూడు నెలలైంది. నువ్వు ప్రశ్నలు పంపుతున్నావు, నేను జవాబులు పంపుతున్నాను, టపా మనిషి కాళ్ళరిగిపోతున్నాయి. విల్లు మాత్రం రాలేదు. అపు మా చేను గట్టు మీద నిలబడి వచ్చే ఏడాది ఎక్కడ బక్‌వీట్ గింజలు చల్లాలో పక్కవాడికి చూపిస్తున్నాడు, నేను అక్కడే కలుపు తీస్తూ ఉండగా.

అనీ


లిమాకో
ఏరుకునే నెల, ఇరవై రెండో రోజు

అనీ,

ఇక నా వల్ల కాదు. ఉన్నమాట అనేస్తాను. ఆ మనిషి నాకు నచ్చలేదు.

మూడు జానల నాలుగు వేళ్ళ చెయ్యేమిటి? మూకుడులో కూర కలపడానికి సరిపోతుందేమో. పైగా నుదుటి పట్టీతో గంప మోస్తాడా! ఈ లోయలో మగాడు భుజాలకు తాళ్ళేసుకుని మోస్తాడు, నుదుటి పట్టీ ఆడవాళ్ళది. నా యాభై ఎనిమిదేళ్ళలో పట్టీ వేసుకున్న మగవాణ్ణి చూడలేదు. ఎవరి దగ్గర పెరిగాడు వాడు? ఏ వంశం? ఎలుగు వంశమైతే చేతులు పొడుగుంటాయి. తేనెటీగ వంశమైతే మనకు వరస కాదు. పేరు అడిగితే 'తర్వాత' అంటావు. పేరు చెప్పుకోలేనివాడు ఇంట్లోకెందుకు?

నీ మొహం చూసి చెక్క కోశాను. మొదటిది పూర్తి చేసి చేతిలోకి తీసుకుంటే నా చంక దాకా కూడా రాలేదు. ఒళ్ళు మండి అటక మీదికి విసిరేశాను. చెక్క మంచిది, పాడుచెయ్యడమెందుకని రెండోది మొదలెట్టాను. మధ్యలో వాడి చేతులు కళ్ళముందు కదిలి అదీ ఆపేశాను. అన్నం దగ్గర కూడా వాడి గురించే మాట్లాడుతున్నానని అత్తయ్య విసుక్కుంటోంది.

నా మాట విను. మా ఊళ్ళో ఒక మనిషున్నాడు. పెళ్ళాం పోయి మూడేళ్ళు. చెయ్యి నాలుగు జానల రెండు వేళ్ళు, నేనే కొలిచాను. కొంచెం తాగుతాడు గాని, గురి తప్పడు. 'ఊ' అను, వాణ్ణీ విల్లునూ కలిపి పంపేస్తాను. ఆ కురచ చేతులవాణ్ణి వెళ్ళిపొమ్మను.

అకాయ్


వాదీకా
కోతల నెల, ఐదో రోజు

మామయ్యా,

ఆ చేతులు నావి.

నువ్వు మూకుడులో కూర కలపమన్న చేతులు. ముక్కు కొస నుంచి వేలి కొస దాకా నాది నేనే కొలుచుకున్నాను. గోడకు ఆనుకుని, తాడు పళ్ళతో పట్టుకుని. నుదుటి పట్టీ నాది. రెండు గంపలు నావి. ఈ ఇంట్లో విల్లు పట్టే మనిషిని నేనే, ఇంకెవరూ లేరు, వచ్చేవాళ్ళూ లేరు.

నీకు అబద్ధం రాయలేదు. వెనక్కి తిప్పి చదువుకో, ఆ మనిషిని ఎక్కడా 'అతను' అని రాయలేదు. రాసింది నువ్వే. నేను ఆపలేదు, అది నా తప్పే. ఆడదానికని తెలిస్తే చెక్క ముట్టవని తెలుసు కనుక ఆపలేదు. ఉత్తరం వచ్చినప్పుడల్లా నా చేతుల్ని నువ్వు తిట్టడం చదువుతూ, జవాబు రాసేందుకు మళ్ళీ వాటితోనే కలం పట్టుకోవాల్సి వచ్చింది. ఎంత కోపమొచ్చిందో నీకు తెలియదు.

అటక మీద చిన్న విల్లు దొరికింది, ఉడతల్ని కొట్టేది, ఊరి లెక్కకు రానిది. పక్షులు కూసే నెల నుంచీ రోజూ దానితో సాధన చేస్తున్నాను. ఇరవై అడుగుల్లో పెట్టిన మొక్కజొన్న కంకిని పదికి ఎనిమిదిసార్లు కొడుతున్నాను. నేను ముట్టుకుంటే గురి తప్పాలి కదా, తప్పలేదు. పొరపాటున రెండుసార్లు దాటాను కూడా. విరగలేదు.

మీ ఊరి నాలుగు జానల మనిషి నాకొద్దు. అపు పొయ్యి నుంచి తప్పించుకుని ఇంకొకడి పొయ్యి దగ్గర కూర్చోవడానికా ఇదంతా? నాకు నా పొయ్యి కావాలి. దానికి గోడ మీద విల్లు కావాలి. చెయ్యనంటే చెయ్యనని రాసెయ్యి. తడి తాడనీ, తేనెటీగ వంశమనీ తిప్పకు.

వేట నెలకు ఇంకా రెండు నెలలే ఉంది.

అనీ


లిమాకో
సారా కాచే నెల, పదో రోజు

అనీ,

కోతల నెలలో నీ దగ్గరనుంచి ఉత్తరమేదీ అందలేదు. టపా మనిషి తీగ మీద వేలాడుతూ ఏరు దాటుతుంటే జారి నీళ్ళలో పడిపోయి ఉంటుంది. అందులో ఏముందో నాకు తెలియదు. మళ్ళీ రాయకు.

కురచ చేతుల మనిషికి విల్లు చేస్తానని మాటిచ్చాను. మాట తప్పే వంశం కాదు మాది. ఇప్పటికి మూడున్నాయి. మొదటిది తేలిక, నారి ఇట్టే ఎక్కుతుంది, అడవికోళ్ళకు చాలు, పందికి చాలదు. రెండోది మధ్యరకం, నన్నడిగితే అదే ఎంచుకోమంటాను. మూడోది బిగువు. కోపంలో చేశాను, కొమ్మ మందం కాస్త ఎక్కువ వదిలాను. లాగగలిగితే పంది ఒక పక్క దిగిన బాణం మొన రెండో పక్క కనిపిస్తుంది. మూడింటికీ మీట ఎముకదే. బాణం జారే గాడి నేను నా గోటితో తడిమి చూశాను, బియ్యపుగింజంత వంకర కూడా లేదు.

ఏది ఎంచుకోవాలో ఆ మనిషే తేల్చుకోవాలి. ఎవరి విల్లు వాళ్ళు నా ముందు లాగి చూపించందే నా గడప దాటదు, ఇది అందరికీ ఉన్న నియమమే. కనుక ఆ మనిషిని పంపు. లాగేటప్పుడు నేను చేతులే చూస్తాను. మొహాలు చూసే అలవాటు నాకు లేదు. అత్తయ్య ఎవరికో కోడి కోసి ఉంచుతానంటోంది. ఎవరికో నేనడగలేదు.

బాణం తోకకు వెదురాకు ఎలా మడవాలో కూడా ఆ మనిషికి నేర్పాలి. బాణం ఎవరిదో ఆ మడతే చెబుతుంది కనుక, మీ ఊళ్ళో ఎవరికీ లేని మడత ఒకటి ఆలోచించి పెట్టాను.

అకాయ్


వాదీకా
వేట నెల, పదిహేడో రోజు

మామయ్యకు,

నీ దగ్గరికి వచ్చిన మనిషి ఊరు చేరి మూడు వారాలైంది. నువ్వు చెప్పిన మధ్యరకం వదిలి బిగువుది ఎంచుకున్నందుకు ఇంకా గొణుగుతున్నావా? అరచేతుల తోలు ఊడింది గాని, ఇప్పుడు ఆగకుండా లాగుతున్నాను. అత్తయ్య కోడి రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

మొన్నటి సంగతి విను. ఊళ్ళో మగవాళ్ళంతా కుక్కలతో కింది లోయనుంచి పందిని తోలారు. నన్ను పిలవరు కదా, తెల్లవారకముందే నేను ఒక్కదాన్నీ పైకి వెళ్ళి, పందులు ఎప్పుడూ దాటే రాళ్ళ సందు దగ్గర కూర్చున్నాను. పెద్ద మగపంది. పన్నెండు అడుగుల్లోకి వచ్చింది. వేశాను. బాణం తోక దాకా దిగింది. అది వంద గజాలు పరిగెత్తి వాగులో పడింది. నేను దిగేసరికి వాళ్ళు అక్కడున్నారు.

బాణం తీసి తోక మడత చూశారు. ఊళ్ళో ఎవరిదీ కాదు. అపు దాన్ని అటూ ఇటూ తిప్పి అన్నాడు: "అవతలి లోయవాడెవడో కొట్టాడ్రా! ఎంత లోతు దిగిందో చూడండి. మాంఛి వేటగాడు." "నాదే," అన్నాను. ఎవరూ తలతిప్పలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. నవ్వారు. "నీది సరే, ఆయన ఎటు వెళ్ళాడో చూశావా?" అని అపు నన్నే అడిగాడు.

నువ్వు నెలల తరబడి లేని మగాణ్ణి తిట్టావు, వీళ్ళు లేని మగాణ్ణి పొగిడారు. వాడితో నాకు విసుగొచ్చింది మామయ్యా.

అక్కడే నారి ఎక్కించి, ఎదురుగా ఉన్న ఓక్ చెట్టు మొదట్లోకి బాణం వేసి చూపించాను. అదే మడత. అప్పటికి నవ్వు ఆగింది. ఊరి పెద్ద గడ్డం గోక్కుని అన్నాడు: "లాగడం లాగావమ్మా, కాదనను. కాని ఆడదానికి విల్లెవడు చేస్తాడు? ఏ మగాడి దగ్గరో అడిగి తెచ్చుకుని ఉంటావు. విల్లు ఎవరిదైతే పంది తల వాళ్ళది. నీ కొలతకే చేశానని చేసినవాడు పేరు పెట్టి రాసిస్తే తలా నీదే, గోడ మీద విల్లూ నీదే, నీ ఇంటి జోలికి ఎవరూ రారు. లేదంటే ఆ వేటగాడు వచ్చేదాకా తల నా పొయ్యి మీదే ఉంటుంది." "వేట నెల అయ్యేదాకానే," అన్నాడు అపు.

నెల అవ్వడానికి పదమూడు రోజులుంది. టపా మనిషి కాదు, ఉప్పు మనిషి ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తాడు. అతను జవాబు పట్టుకునే వెనక్కి వస్తాడు.

నువ్వు రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆడదానికి విల్లు కోసిన చేతులని రెండు లోయల్లోనూ చెప్పుకుంటారు. కొనేవాళ్ళు తగ్గుతారు. మొహం చూడలేదని చెప్పుకునే దారి నువ్వు అట్టే పెట్టుకున్నావు, దాన్ని మూసెయ్యమని అడుగుతున్నాను. రాయకపోయినా నిన్ను తప్పుపట్టనని ఇక్కడ రాద్దామనుకున్నాను. అది అబద్ధం. తప్పుపడతాను.

అనీ


లిమాకో
వేట నెల, ఇరవై రెండో రోజు

వాదీకా ఊరి పెద్దకూ, పంది వేటలో ఉన్న అందరికీ,

దీన్ని గట్టిగా చదివించండి. అపు ముందు వరసలో కూర్చుంటే మంచిది.

మీ ఊరి అనీ దగ్గరున్న విల్లు నేను చేశాను. కొమ్మ మల్బరీ, మీట జింక ఎముక. ముక్కు కొస నుంచి వేలి కొస దాకా మూడు జానల నాలుగు వేళ్ళు, అది అనీ కొలత. నమ్మనివాళ్ళు ఆమెను నిలబెట్టి తాడు పెట్టి చూసుకోండి. మీలో ఎవరి చంకలో పెట్టినా ఆ పీట ఇమడదు. బాణం తోక మడత నేను ఆమెకు నేర్పాను, నా పని చావడిలో, గడప లోపల కూర్చోబెట్టి.

తెలియక చేశానని రేపు ఎవరైనా అంటారేమో, అందుకని ఇదీ వినండి. విల్లు తనకోసమేనని కోతల నెలలో ఆమె నాకు ఉత్తరం రాసింది. అది ఏట్లో పడిపోయిందని నేను చెప్పాను. పడలేదు. అందింది, చదివాను, పదిహేను రోజులు అన్నం సయించలేదు, ఆ తర్వాత ఆమె చేతులకని తెలిసే మూడోది చేశాను. ముప్పై ఏళ్ళలో నా చావడి నుంచి వెళ్ళిన విళ్ళలో అంత బిగువు విల్లు ఇంకోటి లేదు. అపును ఒకసారి లాగి చూడమనండి.

ఇది విన్నాక నా దగ్గర విల్లు కొనబుద్ధి కానివాళ్ళు కొనకండి.

తల పొగకు ఎండిపోకముందే ఆమె ఇంటికి పంపించండి.

అనీ మేనమామ,
అకాయ్